మా ట్రేసింగు గదికి కొత్త ప్రాసెసర్

మొన్న ఆదివారం మధురవాడలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక ప్రాసెసర్ గురించి వాదించుకుంటున్నారు. మా అల్లుడు ఇంట్లోనే కూర్చుని భవనాలకు త్రీడీ బొమ్మలు తయారుచేసి పంపుతాడు. ఉన్న కంప్యూటర్ ఒక్కో బొమ్మకు పూటంతా తీసుకుంటోందని, బజారులో అన్నిటికన్నా పై మెట్టునున్న ప్రాసెసర్ కొనాల్సిందేనని అతని పట్టు. అది పొయ్యిలా కాగుతుందని, చల్లార్చే ఫ్యాన్లు గ్రైండర్‌లా మోగుతాయని, ఆ అగ్గిపెట్టెంత గదిలో ఏసీ ఆపకుండా వేసుకోవాలని, దాంతోపాటు లోపలి మదర్‌బోర్డు కూడా మార్చాలని మా అమ్మాయి గోల. గీసేటప్పుడు దానికీ, దాని కింది మెట్టుదానికీ పెద్ద తేడా ఉండదట, చివర్లో బొమ్మకు రంగూ వెలుగూ వచ్చేటప్పుడే దాని బలం తెలుస్తుందట. "మీరైనా సెప్పండత్తయ్యా, ఏటి తీసుకోమంటారు?" అని అల్లుడు నన్ను మధ్యలోకి లాగాడు. నాకు నవ్వొచ్చింది. ఇదే తీర్పు చెప్పమని నన్ను ముప్పయ్యేళ్ళ కిందట కూడా ఒకరు అడిగారు, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు సరికదా అన్నం కూడా సహించలేదు.

అప్పట్లో నేను రేవు దగ్గర ఓడల మరమ్మతులు చేసే ఒక చిన్న కంపెనీలో ట్రేసర్‌ని. ఇంజనీరు పెన్సిలుతో గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో మళ్ళీ గీయడం మా పని. ఇప్పటి పిల్లలకు చెబితే దీనికి కూడా జీతమిచ్చేవాళ్ళా అంటారు గానీ, మన ఈడువాళ్ళకు ఆ చెయ్యి కుదరడానికి ఎన్నాళ్ళు పట్టేదో తెలుసు. ఆ గదిలో అందరం ఆడవాళ్ళమే. పొద్దున్నే రేవు మీదనుంచి వచ్చిన నల్లదుమ్మును బల్లల మీద తుడిచాకే ఇంకు సీసా మూత తీసేవాళ్ళం. మాలో పెద్దావిడను అందరం అక్క అనేవాళ్ళం. పెందుర్తి అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చేది, భర్త పోయాక ఇల్లంతా ఆవిడ జీతం మీదే నడిచేది. ఆవిడ క్యారేజీలో ఎండుచేపలున్న రోజున మా ఆఫీసరు తన గది తలుపు వేసుకునేవాడు, మేము మాత్రం గిన్నెలు పట్టుకుని ఆవిడ చుట్టూ చేరేవాళ్ళం.

డ్రాయింగులు గీసే కంప్యూటర్ మా గదికి వచ్చినప్పుడు, చిన్నదాన్నని నన్ను నేర్చుకోమన్నారు. అది మరీ మెల్లని జీవి. ఒక గీత చెరిపితే బొమ్మంతా మళ్ళీ వేసుకుంటూ కూర్చునేది, ఆలోగా మేము టీ తాగి గ్లాసులు కడుక్కుని వచ్చేవాళ్ళం. దాని వల్ల ఎవరికీ బెంగ లేకపోయింది. బెంగంతా ఆ తర్వాత, అమ్మేవాళ్ళు అన్నిటికన్నా వేగమైన ప్రాసెసర్ పెట్టిన ఇంకో మిషను తెచ్చి కొన్నాళ్ళు వాడి చూడండని మా గదిలో పెట్టివెళ్ళాక మొదలైంది. మంచీ చెడ్డా నువ్వే చెప్పాలమ్మా అన్నాడు ఆఫీసరు. ఇది కొంటే ట్రేసింగు గది ఎత్తేస్తారన్న మాట అప్పటికే మెట్ల మీద వినబడుతోంది.

అక్క నన్ను నీళ్ళకుండ దగ్గరికి పిలిచింది. "బాగుందని నువ్వు సెప్పీసేవనుకో, నాను ఇంటికెల్లిపోయి ఏటి సెయ్యాలే? పిల్లలకి ఏటి పెట్టాలి?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది.

మిషనేమో అబద్ధానికి తావివ్వకుండా బాగుంది. చెడ్డ కోసం నేను ప్రాణం పెట్టి వెతికాను. ధర ఎక్కువ, వేడి ఎక్కువ, ఉప్పుగాలి దానికి పడదు, దుమ్ము అసలే పడదు, కాబట్టి ఏసీ పెట్టక తప్పదు. ఇన్నేళ్ళు చెమటలు కారుస్తూ చెయ్యి కింద గుడ్డ వేసుకుని గీసిన మనుషులకు రాని ఏసీ, ఆ పెట్టెకు మాత్రం మొదటి రోజునుంచే కావాలట! ఒళ్ళు మండింది నాకు. కానీ ఇవన్నీ ఆఫీసరు ఒక్క సంతకంతో తీసిపారేయగల చెడ్డలే.

దారి ఆ మిషనే చూపించింది. పాత డ్రాయింగులన్నీ అందులోకి ఎక్కించాలి. రేవు గాలి తేమకు కాగితాలు సాగిపోయాయి గనక, స్కేలు పెట్టి కొలిస్తే తప్పులొస్తాయి, చెరిగిపోయిన అంకెలను కళ్ళతో చదవాల్సిందే. అక్క పక్కన కూర్చుని కొలతలు చదువుతుంటే నేను కీబోర్డు మీద కొట్టేదాన్ని. పాత కంప్యూటర్ దగ్గరైతే మేమిద్దరం దానికోసం ఎదురుచూసేవాళ్ళం. ఈ కొత్తది మా కోసం ఎదురుచూడసాగింది! ఒక కాగితం ముగించి, ఇంకేదీ అన్నట్టు నా మొహంలోకి చూసేది. ఇంకొకామె తర్వాతి కాగితం విప్పి సిద్ధంగా పెడితే తప్ప దాని ఆకలి తీరలేదు. ఎంత వేగమైనది కొంటే అంతమంది దానికి వడ్డించాలన్నమాట. అది తట్టిన క్షణాన గుండెల మీదనుంచి బండ దిగినట్టయింది.

అదే మాట ఆఫీసరుకు చెప్పాను, కొనండి, కానీ మమ్మల్ని తీసేస్తే అది ఏసీలో పడుకుని నిద్రపోతుందని. ఆయనది గోదావరి వైపు, మాట మెత్తన. "బండి స్పీడు పెరిగితే మనుషులు ఎక్కువ కావాలంటావేంటమ్మాయ్?" అని నవ్వి, ఒక పూట మా గదిలోనే కూర్చుని చూశాడు. చివరికి మిషనూ వచ్చింది, ఏసీ కూడా వచ్చింది, ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఆ మాట తెలిసిన రోజున అక్క నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం ఆకలేసి ఆవిడ క్యారేజీ ఖాళీ చేశాం. ఆ పాత కాగితాల గుట్ట తరిగేలోపే అక్క అక్కడే రిటైరైంది. ఈనాటికీ తలచుకుంటే హమ్మయ్య అనిపిస్తుంది.

మా అల్లుడికి కింది మెట్టుదే తీసుకోమన్నాను. పని జరుగుతుంది, గదీ చల్లగా ఉంటుంది అన్నాను. ఇద్దరూ మెత్తబడ్డారు. ఈసారి నా తీర్పు మీద ఎవరి జీతమూ వేలాడటం లేదని నాకూ తేలిగ్గా ఉంది. టీ ఇద్దామని అతని గది తలుపు తీశాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. కొలతలన్నీ మెయిల్లో వచ్చేస్తాయి, చదివిపెట్టే మనిషి అక్కర్లేదు. ఏ ప్రాసెసర్ కొన్నా ఎవరి ఉద్యోగమూ పోదు, ఆ నిశ్చింత నిజమే, ఇంటికి పంపేయడానికి ఆ గదిలో రెండో మనిషే లేరు.