మైకక్క మొక్కకు నీళ్ళు పోసిందెవరు

ఆ గొంతు వినని మనిషి ఊళ్ళో లేడు. "ప్రయాణికులకు మనవి" అని ఆవిడ మొదలుపెట్టిందంటే, బస్సు వెళ్ళిపోయిందని తెలిసినవాడికి కూడా అదెక్కడో మలుపులో తనకోసమే ఆగి ఉందేమో అనిపించేది. అంత తియ్యటి గొంతు. బస్ స్టేషన్‌లో గాజుగదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. డ్రైవర్లూ కండక్టర్లూ మైకక్క అని పిలిచేవారు.

ఆ గొంతును డ్యూటీ దిగేటప్పుడు గాజుగదిలోనే వదిలేసి వస్తుందన్న సంగతి మాత్రం ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. గుమ్మంలో చెప్పులు విడవకముందే రెండో గొంతు అందుకునేది. కుళాయి సగం కట్టి వదిలేసిందెవరు? తడి తువ్వాలు మంచం మీద పడేసిందెవరు? మనిషి లేని గదిలో ఫ్యాను ఎవరి కోసం తిరుగుతోంది? దర్జీ అయిన భర్త అప్పుడు కుట్టుమిషన్ను కాస్త గట్టిగా తొక్కేవాడు. అత్తగారు చెవిలోంచి వినికిడి మిషను ఊడదీసి కళ్ళజోడు పెట్టెలో దాచుకునేది. నర్సింగు చదువుతున్న కూతురికి సరిగ్గా ఆ నిమిషంలోనే తలస్నానం గుర్తొచ్చేది.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. గాజుగదికి పడమటి ఎండ నేరుగా కొడుతుంది. ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యాను. అది తిరుగుతుంటే ఆ గాలి మైకులోకి దూరి స్పీకర్లలో తుఫాను వచ్చినట్టు వినిపిస్తుంది. అందుకని ప్రతి ప్రకటనకు ముందు ఫ్యాను ఆపాలి, అయ్యాక మైకు ఆపాలి, మళ్ళీ ఫ్యాను వేసుకోవాలి. అలా రోజంతా చెమట కారుస్తూ తేనె ఒలికించిన మనిషి ఇంటికొచ్చి నవ్వుతూ కూర్చోవాలంటే ఎలా కూర్చుంటుంది?

అరుపులయ్యాక ఆవిడ తిన్నగా మేడ మీదికి వెళ్ళేది. అక్కడ ఎండ ఆపే నీడవల కింద మట్టి కుండీల్లో ఆవిడ సకులెంట్ మొక్కలు ఉండేవి. ఒంట్లోనే నీళ్ళు దాచుకుని బతికే మొక్కలవి. ఆకులన్నీ పువ్వులా విచ్చుకుని ఉండేవి కొన్ని, బొద్దుగా పసిపిల్లల వేళ్ళలా ఉండేవి కొన్ని, కుండీ అంచునుంచి పచ్చపూసల దండలా వేలాడేది ఒకటి. వాటి మధ్య ఆవిడ నోరు విప్పేది కాదు. కుండీలు కాస్త అటూ ఇటూ జరిపి, ఎండ తగిలే అంచున పాత చీర కట్టి, ఆకుల సందుల్లో తెల్ల పురుగు కనిపిస్తే పుల్లతో తీసేసి, దిగొచ్చేసరికి ఇల్లు ఊపిరి పీల్చుకునేది.

అన్నిటికన్నా పెద్దది జేడ్ మొక్క. మణికట్టంత లావు మొదలు, నాణేల్లా గుండ్రటి ఆకులు. గాజుగదిలో ఈవిడకన్నా ముందు పనిచేసిన పెద్దావిడ కిటికీలో పెంచిన మొక్కకు అది కొమ్మ. మైకు ముందు ఊపిరి ఎలా తీసుకోవాలో, పేరు తప్పు చదివితే తడబడకుండా ఎలా సర్దుకోవాలో ఈవిడకు నేర్పింది ఆ పెద్దావిడే. ఇప్పుడావిడ లేదు. గాజుగది మళ్ళీ కట్టినప్పుడు కిటికీలోని ఆ తల్లిమొక్కను ఎవరో చెత్తబండిలో వేసేశారు. మిగిలింది ఈ కొమ్మ ఒక్కటే. ఈ సంగతి మైకక్క ఎవరికీ చెప్పుకోలేదు. "దాన్ని ముట్టుకోకండి" అని మాత్రం చెప్పేది. ఎందుకని అడిగితే, "మీకు తెలీదు, ఊరుకోండి" అనేది.

ఆ వేసవిలో ఎండలు మరీ ముదిరాయి. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి జేడ్ మీద చెయ్యి వేసిందో లేదో, గుప్పెడు ఆకులు జలజలా రాలిపడ్డాయి. పసుపు తిరిగి, పట్టుకుంటే చితికిపోయేలా ఉన్నాయి. కుండీలో వేలు గుచ్చి చూసింది. మట్టి చిత్తడిగా ఉంది. తను నీళ్ళు పోసి వారం దాటింది. పోస్తే చల్లబడ్డాకే తప్ప పోయదు.

మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది. "నా మొక్కలకు నీళ్ళు పోసిందెవరు?"

"ఈ మోకాళ్ళతో నేను మేడెక్కుతానా అమ్మాయ్?" అంది అత్తగారు. చెవి మిషను లేకుండానే ప్రశ్న ఎలా వినబడిందో ఎవరూ అడగలేదు.

"నాకు రేపు పరీక్షమ్మా" అంది కూతురు, అడిగినదానికీ పరీక్షకీ సంబంధం ఏమిటో చెప్పకుండా.

భర్త నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. దర్జీవాళ్ళకు ఆ వెసులుబాటు ఉంది.

ఇంట్లోవాళ్ళు కాదంటే మిగిలింది కింది వాటాలోని రిటైరైన లెక్కల మేష్టారు. మేడ మీద అటువైపు ఆయనకు టమాటా మొక్కలున్నాయి. చేతిలో ఎప్పుడూ నీళ్ళ గొట్టం ఉంటుంది. పైగా ఆయన ఒకసారి, "మీ మొక్కలు దాహంతో చూస్తున్నట్టుంటాయమ్మా" అని జాలిపడ్డారు కూడా. మైకక్క పళ్ళు నూరుకుంటూ ఒక అట్టముక్క తెచ్చి, "ఇక్కడ నీళ్ళు పోసినవారి సంగతి తేలుస్తాను" అని రాసి, సరిగ్గా టమాటాలవైపు తిప్పి కట్టింది.

అట్ట కట్టాక కూడా మట్టి ఆరలేదు. ఇంకా తడిగా తయారైంది. జేడ్ మొదలు నొక్కితే వేలు లోపలికి దిగింది. ఆ పొద్దు ఆవిడ డ్యూటీకి ఏ ముఖంతో వెళ్ళిందో చెప్పడం నా వల్ల కాదు.

మధ్యాహ్నం, ఎండ గాజుమీద నిప్పులు చెరుగుతున్న వేళ, ఒక ప్రకటన ముగించి ఫ్యాను మీటకోసం చెయ్యి చాపింది. అంతలో ఫోను మోగింది. మేష్టారు. ఒక చేత్తో ఫోనెత్తి, రెండో చేత్తో ఫ్యాను వేసింది. ఆ రెండిటి మధ్యలో మైకు ఆపడం మరిచిపోయింది.

ముందు స్పీకర్లలో తుఫాను లేచింది. ప్లాట్‌ఫారాల మీద జనం తలలెత్తి ఆకాశంలోకి చూశారు. ఒక్క మబ్బు లేదు. తర్వాత గొంతు వచ్చింది. మొదటిది కాదు, రెండోది.

"బోర్డు మీవైపు ఎందుకు తిప్పానా? మీకోసం కాబట్టి తిప్పాను మేష్టారూ. అడక్కుండా జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దొంగలు నయం, వాళ్ళు ఎత్తుకెళ్ళి ఎక్కడో బతకనిస్తారు. మీరు నిలబెట్టి చంపారు. ఎండకు కాగిన కుండీలో నీళ్ళు పోస్తే అది దాహం తీర్చడం కాదండీ, ఉడకబెట్టడం. మిమ్మల్ని గిన్నెలో కూర్చోబెట్టి మూతపెట్టి పొయ్యెక్కిస్తే ఎలా ఉంటుంది? అందులో మీరు పిల్లలకు లెక్కలు చెప్పారు. నాలుగు కుండీలకు ఎంత నీరు కావాలో తెలీదా మీకు?"

వెనక్కి తీస్తున్న బస్సు ఒకటి టక్కున ఆగింది. లెక్కల మేష్టారు ఒకాయన గిన్నెలో కూర్చున్న దృశ్యం ఊహించుకుని బెంచీ మీద పిల్లలు కిలకిల నవ్వారు. పెద్దవాళ్ళు ఎవరినో ఎవరో చంపారనుకుని నిలబడిపోయారు.

సరిగ్గా ఆ సమయానికి పార్సిల్ కౌంటరు దగ్గర మైకక్క భర్త బొత్తాల మూట విడిపించుకుంటున్నాడు. ఆ గొంతు ఆయనకు కొత్త కాదు గానీ, అది ఆకాశంలోంచి రావడం కొత్త. మూట అక్కడే వదిలేసి, గాజుగదికున్న విచారణల కిటికీ ముందు వరసను తోసుకుంటూ వచ్చి అద్దంలోని రంధ్రం దగ్గర మూతి పెట్టాడు.

"మైకు..."

"మీరు ఆగండి. మేష్టారితో మాట్లాడుతున్నాను."

"అది కాదు, మైకు..."

"ఆగమన్నానా? ఈ మనిషి చేత ఒప్పించకుండా ఇవాళ ఫోను పెట్టను."

భర్తకు ఏం తోచిందో ఏమో, చేతులు గాజుకు ఆనించి చెప్పేశాడు. "మేష్టారు కాదు. పోసింది నేనే."

నే-నే-నే అంటూ ఆ మాట ప్లాట్‌ఫారాలన్నీ చుట్టి వచ్చింది. గాజుగదిలో ఉన్నావిడకు అప్పటికీ అనుమానం రాలేదు. కోపంలో ఉన్న మనిషికి ఊరంతా తన మాటే వింటున్నట్టు ఎప్పుడూ అనిపిస్తుంది కదా.

"మీరా? ఎందుకు?"

"ఆకులు ముడతలు పడ్డాయి. ఎండిపోతాయేమో, ఎండిపోతే నువ్వొచ్చి ఏమంటావో అని భయం వేసింది."

"పాపం, మంచివాడే" అంది వరసలో ముందున్న ముసలమ్మ. అదీ స్పీకర్లలోకి వెళ్ళింది. దూరంగా రెండో ప్లాట్‌ఫారం మీద ఎవరో "అవునవును" అన్నారు. ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందా అని తలెత్తేసరికి, ఒక కండక్టరు రెండు చేతులూ ఊపుతూ కనిపించాడు. మైకక్క మెల్లగా తల దించి మైకు మీట వంక చూసింది.

గబుక్కున దాన్ని ఆపేసింది. పరువు పోయినప్పుడు భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. ఆవిడకు మాత్రం ఆ చీలికలోకి ముందు మొగుణ్ణి తోయాలనిపించింది. చేతిలో ఫోను ఇంకా బతికే ఉంది. మేష్టారు అన్నీ విన్నారు. "సరేనమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "టమాటాలకు మాత్రం పోసుకోవచ్చు కదా?"

స్టేషన్ మేనేజరు ముఖం గంభీరంగా పెట్టుకుని వచ్చాడు. తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో కలబందకు రోజూ పోస్తున్నాం. అదీ ఉడుకుతుందంటావా?"

"మానెయ్యండి సార్" అంది మైకక్క. తర్వాతి బస్సు ప్రకటించడానికి మైకు వేస్తే మొదటి గొంతు రాలేదు, రెండోదీ రాలేదు, మధ్యలో ఏదో కీచుమంది.

ఇంటికెళ్ళి చెప్పులు విడిచింది. అందర్నీ ముందుగదిలో నిలబెట్టింది. "ఆయన ఒక్కడూ పోస్తే అంత బురద కాదు. ఇంకెవరు?"

అత్తగారు చెవి మిషను సవరించుకుంది. ఈసారి తీయలేదు. "పొద్దున్నే ఒక చెంబు పోసేదాన్ని. నువ్వు డ్యూటీకి వెళ్ళాక."

"మోకాళ్ళన్నారు?"

"కూర్చుని ఒక్కో మెట్టూ జరిగేదాన్ని."

కూతురు నేల చూపులు చూస్తూ, "సాయంత్రం నేను నీళ్ళు స్ప్రే కొట్టేదాన్నమ్మా. నాన్న, నానమ్మ పోస్తున్నారని నాకేం తెలుసు?" అంది.

"నాకు మాత్రం తెలుసా?" అన్నాడు భర్త. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురూ కలిసి ఒక మొక్కను ముంచేశారు.

"ముట్టుకోవద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా లేదా?"

"చెప్పావు" అంది అత్తగారు. "ఎందుకో చెప్పావా? ముడతలు పడితే ఏమనుకోవాలి మేము? చస్తే నీ నోటికి ఎవరు జవాబు చెప్పాలి?"

భర్త అంత పొడుగు మాట అరుదుగా మాట్లాడతాడు. ఆ రోజు మాట్లాడాడు. "నా గుడ్డల కత్తెరతో కాగితం కోయొద్దని చెప్పాను. పదును పోతుందని కూడా చెప్పాను. ఈ ఇంట్లో దాంతో ఎవరూ కాగితం కోయలేదు."

మైకక్కకు అప్పుడు వెలిగింది. తన కోపానికి జడిసి వీళ్ళు పోసిన నీళ్ళే తన మొక్కను కుళ్ళబెట్టాయి. ఆ సంగతి అర్థమై కోపం తగ్గిందనుకునేరు. రెట్టింపయింది. అందులో సగం ఎవరిమీద చూపాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి కత్తి తీసుకుంది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడ మేడెక్కింది.

జేడ్‌ను కుండీలోంచి లాగితే వేళ్ళు గుజ్జులా ఊడొచ్చాయి. మొదలు కోసింది. లోపల గోధుమరంగు. కత్తి తుడిచి, కాస్త పైన కోసింది. ఇంకా గోధుమరంగే. ఇంకా పైన. మణికట్టంత మొదలు ముక్కలు ముక్కలుగా కాళ్ళ దగ్గర పడుతుంటే పళ్ళబిగువున కోస్తూనే పోయింది. చివర్న బొటనవేలంత కొమ్మ ఒకటి మిగిలింది. దాని కోత మాత్రం లేతపచ్చగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

వెనక మెట్ల మీద ముగ్గురూ చేరారు. అత్తగారు కూర్చుని ఉంది.

"ఇది పెద్దావిడ మొక్క" అంది మైకక్క వాళ్ళవైపు తిరక్కుండా. "నాకు మైకు నేర్పినావిడ. ఇంకెక్కడా లేదిది."

కూతురు కోత మీదికి వంగి చూసింది. "గాయం ఆరాలి కదమ్మా ముందు?" అంది. నర్సింగు చదువు అక్కడ అక్కరకొచ్చింది.

"ఆరాలి. నీడలో, పొడిగా. తర్వాత ఇసుకలో గుచ్చాలి. వేరు పట్టేదాకా చుక్క నీరు వద్దు." నాలుగు ముక్కలు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ అరవకుండా చెప్పిన మొదటి ప్రకటన అదే.

ఆ తర్వాత వేసవి పోయేదాకా ఆవిడ పడ్డ బాధ వేరు. బస్ స్టేషన్‌లో బస్సు సంగతి అడగడానికి వచ్చినవాళ్ళంతా, "కొమ్మ బతికిందా అక్కా?" అని అడిగేవారు. ఇంట్లో ఆకు నొక్కి చూడటం నేర్పిన పాపానికి భర్త పూటకోసారి వచ్చి, "మెత్తగా ఉంది, చెవి తమ్మెలా ఉంది, ఇది దాహమేనా?" అని నివేదిక ఇచ్చేవాడు. మేష్టారు టమాటాల దగ్గరనుంచి, "నా గొట్టం కట్టేసే ఉందమ్మా" అని రోజూ సాక్ష్యం చెప్పేవారు. అందరికీ జవాబు చెప్పలేక ఆవిడకు మళ్ళీ ఒళ్ళు మండేది.

ఎండ తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగి చూసింది. రాలేదు. ఇంకొంచెం లాగింది. ఇసుక పట్టుకుని వదల్లేదు.

మెట్లమీద చప్పుడయింది. అత్తగారు చెంబుతో ఒక్కో మెట్టూ జరుగుతూ పైకొస్తోంది. చివరి మెట్టు మీద ఆగి, "పోయనా, వద్దా?" అంది.

మైకక్కకు ఎప్పటిలాగే కోపం గొంతుదాకా వచ్చింది. చెంబునూ మోకాళ్ళనూ చూసి మింగింది. "పొయ్యండి అత్తయ్యా. ఆకుల మీద కాదు, మట్టిలో. అడుగునుంచి కారేదాకా పొయ్యండి. మళ్ళీ మట్టి పూర్తిగా ఎండేదాకా ఈవైపు రాకండి."

అత్తగారు వంగి, పసివాడి నోట్లో మందు పోసినంత జాగ్రత్తగా పోసింది. కుండీ అడుగునుంచి నీళ్ళు కారాక నడుము పట్టుకుని లేచింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఊళ్ళో తిరిగే బస్సులన్నిటి సంగతీ చెప్పే నోరుంది నీకు" అంది అత్తగారు ఖాళీ చెంబు బోర్లించుకుంటూ. "ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు నోరు రాలేదూ?"

మైకక్క తడిసిన కుండీని నీడలోకి ఇంకాస్త లాగి, మెట్లు దిగడానికి అత్తగారికి విసుగ్గా చెయ్యి అందించింది.