రెండూ ఎడమ చేతులే

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన చివర్లో అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వడానికి రెండు చేతులూ పైకెత్తారు. ఎడమ చెయ్యి ఎత్తినంత పైకి వెళ్ళింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. అయ్యగారు దాన్ని ఇంకాస్త ఎత్తారు. శాంతి సమాధానాలు అనే మాట దగ్గర కొత్త అంగీ కుడి చంక కింద పరపరమని చప్పుడైంది. సంఘమంతా కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. చెవులు మూసుకునే పద్ధతి లేదు కాబట్టి అందరూ విన్నారు. అయ్యగారు కుడి చేతిని మెల్లగా దించి, డొక్కకు ఆనించుకుని, మిగతా ఆశీర్వాదం ఎడమ చేత్తోనే పూర్తిచేశారు. ఆమెన్ మాత్రం మామూలుకన్నా గట్టిగా వచ్చింది.

వెనక వరుసలో కూర్చున్న టైలరమ్మ కళ్ళు తెరవలేదు. ఏ కుట్టు విడిపోయిందో, ఎందుకు విడిపోయిందో చూడకుండానే ఆమెకు తెలుసు.

టైలరమ్మ కొట్టు వీధిలోకి తెరుచుకునే ఒకే ఒక గది. మధ్యలో కటింగు బల్ల, గోడవారగా రెండు మిషన్లు, వాటి మీద ఒక ట్యూబులైటు. ఒక మిషను ఆమెది. రెండోదాని పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టేది ఆమె మొగుడు. నెమ్మదస్తుడు, నోట్లో ఎప్పుడూ దారప్పోగు ఉంటుంది కాబట్టి పెద్దగా మాట్లాడడు. బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోసేది మాస్టర్. టైలరమ్మ నాన్నకు స్నేహితుడు. నాన్న పోయాక కూడా ఆ బల్లను వదలలేదు. ఆమె ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన ముసల్మాను, ఈమె క్రైస్తవురాలు. ఆయన నమాజుకు వెళ్తే ఈమె ఆయన టీ మీద మూత పెడుతుంది. ఈమె కీర్తన పాడుకుంటూ మిషను తొక్కితే ఆయన సుద్దముక్కతో తాళం వేస్తాడు. దేవుడి విషయం వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

టైలరమ్మకు కోపం ఎక్కువ. దారం తెగితే దారాన్ని తిట్టేది, సూది విరిగితే మిషన్ని తిట్టేది, రెండూ బాగుంటే మొగుణ్ణి తిట్టేది. శుక్రవారం మధ్యాహ్నం కూడా కోపంలోనే ఉంది. అయ్యగారి భార్య, సంఘంలో అందరూ అమ్మగారని పిలిచే ఆవిడ, అంగీ ఏమైందని ఫోను మీద ఫోను చేస్తోంది. మాస్టర్ అంగీ ఒళ్ళంతా కోసిపెట్టి, "చేతులు నేనొచ్చి కోస్తాను, నువ్వు ముట్టుకోకు" అని చెప్పి మరీ నమాజుకు వెళ్ళాడు. ముట్టుకోకు అన్న మాటే ఆమెకు గుచ్చుకుంది. కత్తెర తీసుకుంది.

ఆ గుడ్డకు ఒక వైపే మెరుపుంటుంది. అలాంటి గుడ్డ మీద ఒక చెయ్యి కోశాక కాగితం నమూనాను తిరగేసి రెండో చెయ్యి కోయాలి. కోపంలో ఉన్న మనిషి దేన్నీ తిరగేసి చూడదు. కోసేసింది. రెండూ ఎడమ చేతులే తేలాయి. మిగిలిన గుడ్డలో చేతిరుమాలు కూడా రాదు. రెండో ఎడమ చేతిని కుడి చంకలో పెట్టి, లాగి, నొక్కి, తిట్టి, కుట్టేసింది.

"ఇది పైకెత్తితే ఊరుకుంటుందా?" అన్నాడు మొగుడు, దారప్పోగు తీసి.

"ప్రసంగానికి నోరెత్తితే చాలు, చెయ్యెందుకు?" అంది. ఆశీర్వాదం సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

అంతవరకూ అది పొరపాటు. దాన్ని పాపంగా కుట్టింది ఆదివారం నాడు, గుడి బయట. మెట్ల దగ్గర అమ్మగారు నలుగురి ముందు నిలదీసింది.

"ఏంటమ్మా ఇది? ఎవరు కోశారు?"

టైలరమ్మ అబద్ధం చెప్పలేదు. "మా కొట్లో కటింగంతా మాస్టరేనండీ" అంది. ఆ మాట ఏ రోజైనా నిజమే, ఆ ఒక్క రోజు తప్ప.

"ముసలాయనకు కళ్ళు పోయినట్టున్నాయి. అయినా మన దేవుడి పని మీద ఆయనకేం శ్రద్ధ ఉంటుందిలే" అంది అమ్మగారు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. టైలరమ్మ తన చెప్పుల వైపు చూస్తూ నిలబడింది. కళ్ళు బాగున్నాయనీ అనలేదు, శ్రద్ధ ఉందనీ అనలేదు. ఇంటికెళ్ళి తలుపు వేసుకుని, మోకాళ్ళ మీద పడి, దేవుడి ముందు బాగా ఏడ్చింది. లేచేసరికి మనసు తేలికపడింది. అన్నం కూడా సయించింది.

మర్నాడు అమ్మగారు చిరిగిన అంగీ పట్టుకుని కొట్టుకే వచ్చింది. మాస్టర్ దాన్ని బల్ల మీద పరిచి, చెయ్యి తిరగేసి చూశాడు. ఆయన చూపు ఒకసారి టైలరమ్మ దాకా వచ్చి మళ్ళీ చంక దగ్గరికి వెళ్ళిపోయింది.

"పొరపాటైందమ్మా. వేరే గుడ్డ తెప్పించి మళ్ళీ కుట్టిస్తాం" అన్నాడు.

"గాయక బృందానికి కూడా ఇలాంటివే కుట్టించాలి. మీకే ఇద్దామనుకున్నాం. ఇస్తాం, కానీ కటింగు మాత్రం నువ్వే చెయ్యమ్మా" అంది అమ్మగారు టైలరమ్మతో. తర్వాత మాస్టర్ వైపు తిరిగి, "ఏమనుకోకండి పెద్దాయనా, వయసు కదా" అంది దయగా. తిట్టినా బాగుండేది.

ఆవిడ వీధి మలుపు తిరిగింది.

"ఎందుకలా చెప్పావు బాబాయ్?" అంది టైలరమ్మ.

"ఆదివారం నువ్వు చెప్పినదానికి అతుక్కోవాలి కదా మరి" అన్నాడు మాస్టర్. "గుండీల కొట్టతను పొద్దున్నే చెప్పాడు. నా కళ్ళు పోయాయట. నాకే తెలియలేదు."

"ఆ మాట నేననలేదు."

"అన్నవాళ్ళ పక్కన నిలబడ్డావు."

"సరే, తప్పే. దేవుడి ముందు ఏడ్చాను. పశ్చాత్తాపపడ్డాను. ఆయన క్షమించాడు. ఇంకా నువ్వెందుకు సాగదీస్తావు?"

మాస్టర్ కత్తెర కింద పెట్టాడు. ఆయనకు కోపం అలవాటు లేదు. అందుకే వచ్చినప్పుడు దాన్నెక్కడ పెట్టాలో తెలియక, కింద పెట్టిన కత్తెరనే మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

"బాగుందమ్మాయ్. కోసింది నువ్వు, ఏడ్చింది దేవుడి దగ్గర, మాటలు పడ్డది నేను. మీ నమ్మకమంతా ఇంతేనా? ఇన్నేళ్ళుగా అడగాలనుకుని అడగలేదు. మా దగ్గర ఎవరి బరువు వాళ్ళే మోస్తారు. మీరు తప్పు చేస్తారు, ఏ పాపమూ తెలియని ఒకాయన్ని ముందుకు తోస్తారు, హమ్మయ్య అని పడుకుంటారు. ఈసారి ఆయన బదులు నేను దొరికాను."

టైలరమ్మకు ఒళ్ళు మండింది. తన్నేమన్నా పడేది. ఇది తన్ను దాటి పైకి వెళ్ళింది.

"ఆయన్ని ఎవరూ తొయ్యలేదు. నిన్ను నేను తోశాను, అది నా పాపం. ఆయన తనంతట తాను వచ్చాడు. ఆ రెండిటినీ ఒకటి చెయ్యకు."

"వస్తే మాత్రం? ఒకరి తప్పుకు ఇంకొకరికి శిక్షేంటి? అది న్యాయమా?"

"దారినపోయేవాణ్ణి పట్టుకొచ్చి శిక్షిస్తే అన్యాయమే. మేం చెప్పేది అది కాదు. ఎవరికి వ్యతిరేకంగా తప్పు చేశామో ఆయనే వచ్చాడంటున్నాం."

"ఆయనకు అంత పనెందుకు? తప్పైందని మనసారా తౌబా చేస్తే అల్లా మాఫ్ చేస్తాడు. ఆయన దయకు తక్కువేంటి? రక్తమెందుకు, సిలువెందుకు? ఒక్క మాట చాలు."

"మాట చాలా? అయితే అను. నన్ను మాఫ్ చేశానని ఇప్పుడే అను. ఒక్క మాటే కదా."

మాస్టర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. బల్ల మీది సుద్దముక్కను అటు జరిపాడు, ఇటు జరిపాడు.

"చూశావా. ఎందుకు రాలేదు? ఆ మాటంటే అవమానమంతా నువ్వే మింగాలి కాబట్టి. మాఫ్ చేసినంత మాత్రాన అది ఆవిరైపోదు బాబాయ్. క్షమించినవాడి గొంతులోనే దిగుతుంది. దేవుడు క్షమించాడంటే దేవుడు మింగాడనే. సిలువంటే అదే, వేరే ఏమీ లేదు."

"నేను మనిషిని, నాకు నొప్పి. దేవుడికి నొప్పేంటి? ఆ మాట అనడమే తప్పు."

"మా దేవుడికి ఉంటుంది. అక్కడే నీకూ నాకూ తెగదు."

"టీ చెప్పనా?" అన్నాడు మొగుడు.

ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన దారప్పోగు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"సరే" అన్నాడు మాస్టర్. "నేనొప్పుకోను, కానీ నీ మాటే తీసుకుందాం. నీ పనికి నీ దేవుడికి నొప్పి కలిగింది. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ ఆయనకు చెప్పుకుని పడుకున్నావు. పొద్దున్నే లేచి, ఆవిడ నన్ను అంటుంటే మెళ్ళో టేపు వేసుకుని చూస్తున్నావు. మాలో మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి దగ్గర దిద్దుకోకపోతే తౌబా పూర్తి కాదు. మీలో అక్కర్లేదేమో."

"అక్కర్లేదని ఎవరన్నారు?" అని అరిచింది టైలరమ్మ. దేవుడికి కానుక తెచ్చినవాడు దాన్ని పీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్ళి తోటివాడితో సమాధానపడాలనే సంగతి మీద పోయిన నెల స్త్రీల కూటంలో మాట్లాడింది తనే. బాగా మాట్లాడావని మెచ్చుకున్నారు కూడా.

మెళ్ళో టేపు తీసి గోడకేసి కొట్టింది. అదేమో మెత్తగా తగిలి మెత్తగా కింద పడింది. దానికీ కోపమొచ్చింది.

సాయంత్రం మాస్టర్ తన కత్తెరను పాతగుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. రోజూ అది బల్ల పక్కన మేకుకే వేలాడేది. మర్నాడు మేకు ఖాళీగా ఉంది. గుడ్డలు పేరుకున్నాయి. టైలరమ్మ ఒక చొక్కా కోయబోయి, కాగితాన్ని ఇటు తిరగేసి, అటు తిరగేసి, చివరికి మడిచిపెట్టేసింది. వాదనలో తనదే పైచెయ్యి అని ఆమెకు తెలుసు. చెప్పిన ఒక్క మాటకూ వెనక్కి పోనక్కర్లేదు. అందుకే ఇంకా మండిపోతోంది. అంత నిజం చెప్పిన నోటితోనే కదా గుడి మెట్ల దగ్గర ఆ మాట అంది.

"వెళ్ళి రా" అన్నాడు మొగుడు, తలెత్తకుండా. "తిట్టడానికైనా వెళ్ళు."

మాస్టర్ ఇంటి వసారాలో కూర్చుని తన చొక్కాకే మాసిక వేసుకుంటున్నాడు. టైలరమ్మ చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు. దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలు మొదలుపెట్టబోతుంటే ఆయనే అన్నాడు.

"మాఫ్ చేశాను పో."

"నేనింకా ఏమీ అడగలేదు."

"అడిగేదాకా ఆగితే నాకు చేతకాదు. నీ సిలువను ఒప్పుకుని అన్నాననుకోకు. దేవుడు మాఫ్ చేసేవాడు కాబట్టి మనమూ చెయ్యాలి. అంతే."

"అనుకోలేదు."

"కొట్టుకు మాత్రం రాను. ఆవిడ ఎదుట మళ్ళీ కత్తెర పట్టలేను."

లోపల్నుంచి ఆయన భార్య, టైలరమ్మ పిన్ని అని పిలిచే ఆవిడ, గట్టిగా అంది. "నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదే మీ బాబాయ్. ఏం చేశారే మీరిద్దరూ?"

టైలరమ్మ మాస్టర్ ముఖంలోకి చూసింది. పెదాలు ఎండి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఎంత తీసుకుందో ఆ ముఖమంతా చెబుతోంది. వాదనలో తను అన్నది అక్షరాలా అదే. తీరా కళ్ళెదుట కనిపిస్తుంటే చూడలేకపోయింది.

తిట్టి ఉంటే తిట్లు తిని, సరికి సరి అనుకుని ఇంటికి పోయేది. ఇప్పుడేమో క్షమాపణ చేతిలో పెట్టేశాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఊరికే దొరికితే మనిషి విచ్చలవిడిగా తయారవుతాడని మాస్టర్ అనుమానం. ఊరికే దొరికిన ఆ క్షమాపణే టైలరమ్మను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. ఏడ్చి తేలికపడిన ఆదివారం కన్నీళ్ళను తలుచుకుంటే సిగ్గేసింది. అప్పుడు తన మనసు కడుక్కుంది గానీ, మనసు మార్చుకోలేదు.

బుధవారం ప్రార్థన కూటంలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి తమ పాపాన్నీ దేవుడు చేసిన మేలునూ చెప్పుకోవచ్చు. సాధారణంగా అందరూ బాగా పాతబడి, చెప్పుకోవడానికి ఇంపుగా తయారైన పాపాలే చెబుతారు. మొన్న ఆదివారం పాపాన్ని వేడివేడిగా ఎవరూ తీసుకురారు. టైలరమ్మ లేచింది. కోపంగానే లేచింది, ఆమెకు వేరేగా లేవడం రాదు.

"అయ్యగారి అంగీకి చేతులు కోసింది నేను. రెండూ ఎడమవే కోశాను. తెలిసే కుట్టాను. మాస్టర్ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు. ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. మెట్ల దగ్గర ఆయన మీదికి నెట్టింది నేను. ఆయనకు మన దేవుడి పని మీద శ్రద్ధ లేదని అంటుంటే నోరు మూసుకుని విన్నదీ నేనే. ఆ నింద తన నెత్తిన వేసుకుని మన ముందు తల వంచాడాయన. యేసు మన పాపం మోశాడని పాడుకుంటాం. మోసేవాడున్నాడు కదా అని దొరికినవాడి మీదల్లా పడేయమని కాదు. గాయక బృందం బట్టలు మాస్టర్ కోస్తేనే మా కొట్టుకివ్వండి. లేదంటే వద్దు."

కూర్చుంది. హల్లెలూయ అనాలా వద్దా అని జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాజాల మనిషి ఒక్కడే, మగవాళ్ళ వైపు నుంచి, నోట్లో దారం లేకుండా, "ఆమెన్" అన్నాడు.

కూటం అయ్యాక అమ్మగారు ఆమెను గుమ్మం పక్కకు తీసుకెళ్ళింది. ఆవిడ ముఖం కందిపోయి ఉంది.

"నేను రేపు ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి మాట్లాడతాను, అది వేరే సంగతి. కానీ నువ్వు నా చెవిలో ఒక మాట చెబితే పోయేది కదమ్మా. నా పరువూ నీ పరువూ తీసి, ఇలా అందరి ముందూ చెప్పాలా?"

"ఆయన్ని అన్నది అందరి ముందే కదండీ అమ్మగారూ" అంది టైలరమ్మ.