మీసం ఊడినా ఆపలేదు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మదనపల్లెలో హైస్కూలు చదువుతున్నప్పుడు, రేషను కిరసనాయిలు దాచేసుకునే అధికారి మీద మేం ఐదుగురు ఆడపిల్లలం హాస్యనాటకం రాసుకున్నాం. తమ దేశంలో ఇలాంటివి బాగా ఆడతారని మా ఐర్లాండు టీచరమ్మ ధైర్యం చెప్పింది. అధికారి వేషం నాది.

స్కూలు వార్షికోత్సవం సాయంత్రం నాటకం మధ్యలో, ముందు వరసలో కూర్చున్న, రేషను పంపకం చూసే తాసిల్దారు లేచి, "ఎవరిని ఎగతాళి చేస్తున్నారు? ఆపండి!" అని అరిచాడు. భయంతో పట్టిన చెమటకు నా మీసం ఊడి కిందపడింది. అప్పుడు వెనకనుంచి ఆస్పత్రి ఆయాగా పనిచేసే మా అమ్మ లేచి, "యాల ఆపాల? నువ్వు ఆడు పాపా, నేను సూస్తాండా!" అంది.

మీసం లేకుండానే చివరిదాకా ఆడాను. జనం విరగబడి నవ్వారు.

మర్నాడు తాసిల్దారుకు క్షమాపణ రాసివ్వమని స్కూలువాళ్లు అడిగారు. ఐదుగురిలో ఒక్కరమూ రాయలేదు. ఇప్పుడడిగినా రాయను.