ఫైర్‌వాల్ ఆపే బావ

ప్రింటింగ్ ప్రెస్సులో సర్వర్లు చూసే పెద్దమనిషికి పని రాదని అతని మరదలికి అక్కడే ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసిపోయింది. కస్టమర్లు సర్వర్‌కి పంపే డిజైన్ ఫైళ్లు అచ్చుకి సిద్ధం చేయడం ఆమె ఉద్యోగం.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ లైనక్స్ సర్వర్‌తోపాటు, బయటివాళ్లని అడ్డుకునే ఫైర్‌వాల్ కూడా లేచి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ తీసుకుంటుంది గానీ ఒక్క ఫైలూ కదలదు. ఫైళ్లు వచ్చిపోయే తలుపుల్లాంటి పోర్టులు నాలుగు తెరిచి, ఆ సెట్టింగు సేవ్ చేస్తే పీడ వదులుతుందని ఇంటర్నెట్‌లో ఎవరైనా చెబుతారు. బావగారు ఆ జోలికి పోడు. బతిమాలించుకుని వచ్చి, మంత్రగాడిలా కాసేపు కళ్లు మూసుకుని, ఫైర్‌వాల్‌ని మొత్తానికే ఆపేస్తాడు. ఫైళ్లు బిలబిలమంటూ వచ్చేస్తాయి. మేనేజరు మురిసిపోతాడు.

“అలా ఆపేస్తే దారినపోయే ప్రతివాడూ లోపలికొస్తాడు కదా బావా! ఆ పోర్టులేవో తెరిస్తే పోలా?”

“సర్వర్ల సంగతి నీకెందుకే? నువ్వు బొమ్మలు చూసుకో.”

ఇంటికి మాత్రం తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లినవాడు వెనక్కొచ్చి మళ్లీ లాగుతాడు.

మొన్న జ్వరమని ఆయన సెలవు పెట్టిన రోజే పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. ఫైర్‌వాల్ లేచింది. దాన్ని ఆపే మహానుభావుడు లేడు.

“ఆయన లేకపోతే మన గతేంటమ్మా!” అని మేనేజరు సాయంత్రం దాకా తల పట్టుకున్నాడు.

ఆ సర్వర్ రోజంతా భద్రంగా ఉండటం అదే మొదటిసారి.