గుసగుస రాని గొంతు

ఆ రోజుల్లో అందరూ మాస్కులతో ఊపిరాడట్లేదని గోలపెడుతుంటే, నాకు మాత్రం చెవులు పనిచేయడం మానేశాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర సాంచాల మీద (మరమగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు) పనిచేసేవాడు మాటలు వినేది కళ్ళతోనే. రేకుల షెడ్డులో అన్ని సాంచాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే పక్కవాడి మాట ఏం వినబడుతుంది? వాడి పెదాలు చూసి అర్థం చేసుకుంటాం, మనం చెప్పాల్సి వస్తే గొంతు చించుకుంటాం. బయటికొచ్చాక కూడా గొంతుకు ఆ సంగతి తెలియదు. మా అమ్మ రోజూ "ఏందిరా, నేనేమన్న సిరిసిల్లల ఉన్ననా? ఇంట్లనే ఉన్న గద, జర మెల్లగ మాట్లాడు!" అని తిట్టేది (ఆమె కూడా అరుస్తూనే తిట్టేది, అది వేరే సంగతి).

మా మేనమామ ఒకప్పుడు మా షెడ్డులోనే నేసేవాడు. తర్వాత పనివాళ్ళ మీద మాస్టరై, ఊళ్ళోనే దూరంగా అడాజన్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాడు. ఆయన కూతురు చిన్నప్పుడు మా ఖోలీ (ఒంటి గది ఇల్లు) పక్క ఖోలీలో, ఆ సాంచాల మోతలోనే పెరిగింది. కరోనా కాలంలో కాలేజీ పాఠాలు ఫోనులో వింటూ, బాల్కనీలో కూర్చుని పిట్టలను చూడటం మరిగింది. నాకు ఆమె మీద ఎప్పటినుంచో ప్రాణం. నోరు తెరిచి చెప్పే ధైర్యమే లేదు. అలాంటి సమయంలో మామ నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, వచ్చే ఐతారం కరీంనగర్ నుంచి సంబంధమోళ్ళొస్తున్నరు. నీ మనసుల ఏమన్న ఉంటే పిల్లనే అడుగు. అది సరే అంటే నాకు సంతోషమే. వాళ్ళొచ్చినంక మాత్రం నన్ననొద్దు" అన్నాడు. ఆ మర్నాడే మరదలు ఫోను చేసింది: "బావా, గులాబీ గోరింకలు వాపసు పోతున్నయ్. మళ్ళ చలికాలం దాక కనవడయ్. వస్తవా?" నాకు తెలిసిన పిట్టలు కోడి, పాలపిట్ట. కాకులను చూద్దామన్నా పోయేవాణ్ణే.

ధైర్యానికి ఇద్దరు దోస్తులను వెంటేసుకున్నాను. ఒకడు లంబు, ఇంకోడు మైకు (పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు). పొద్దున్నే డుమస్ రోడ్డు పక్కన ఒక చెరువు దగ్గర కలుసుకున్నాం. గట్టు మీద బూరుగు చెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంది. మరదలు ముందే హెచ్చరించింది: "ఈడ సప్పుడు చెయ్యొద్దు. ఏమన్నున్నా గుసగుస చెప్పుకోవాలె." ముగ్గురం బుద్ధిగా తలూపాం. కాసేపటికి మైకు తన గుసగుసను బయటికి తీశాడు: "అరే, గా తెల్లది ఏం పిట్టరా!" ఆ తెల్లవి అన్నీ లేచిపోయాయి. వాణ్ణి ఆపుదామని లంబు "చుప్ బే!" అన్నాడు. మిగిలినవి కూడా లేచిపోయాయి. మరదలు నెత్తి కొట్టుకుంది. దానికితోడు మాస్కు వెనక ఆమె పెదాలు కనబడక నాకు ఒక్క ముక్కా అందట్లేదు. ఆమె దుర్బీను అడిగితే నేను తినడానికి తెచ్చిన ఖమన్ పొట్లం చేతిలో పెట్టాను.

ఇంతలో వచ్చాయండీ గోరింకలు! నల్లటి తల, గులాబీ రంగు ఒళ్ళు. గుంపులు గుంపులుగా దిగి బూరుగు పూలలో మూతులు పెట్టాయి. మరదలు కళ్ళు తడయ్యాయి. నా చెవి దగ్గరికి వచ్చి, "గింతంత పిట్టలు, కొండల మీదికెళ్ళి గంత దూరం ఎట్ల పోతయో బావా" అంది. ఆ కళ్ళు చూశాక నేను నేనుగా లేను. ఇప్పుడు అడగకపోతే ఇక ఈ జన్మలో అడగలేననిపించింది. వంగి, నా బతుకులోకెల్లా మెత్తని గొంతుతో, ఆమె చెవిలో గుసగుసగా అన్నాను: "గా కరీంనగరోన్ని వద్దను. నన్ను చేసుకుంటవా?"

చెట్టు చెట్టంతా ఖాళీ అయిపోయింది. గోరింకలన్నీ ఒక్కసారి లేచి చెరువు దాటిపోయాయి. అవతలి గట్టు మీద నడుస్తున్న ఒక గుజరాతీ పెద్దాయన ఆగి, "హా పాడీ దే, దీక్రీ!" (ఒప్పేసుకో బిడ్డా) అని కేకేశాడు. మైకు చప్పట్లు కొట్టాడు. మరదలు పోయే పిట్టల వంక చూసింది, నా వంక చూసింది, మాస్కు వెనక ఏదో అంది. గుడ్డ కదిలింది, అంతే. "ఆఁ?" అన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ గుడ్డే కదిలింది. ఆమె విసురుగా తిరిగి స్కూటీ వైపు నడిచింది.

"ఏమన్నదిరా?" అని దోస్తులను అడిగాను. "నాకేమెరుక? పక్కన నిలవడ్డది నువ్వు!" అన్నాడు లంబు. "తిట్టినట్టే ఉన్నదిరా" అన్నాడు మైకు, ఊరంతా వినేలా. పిట్టలు పోయాయి, పిల్లా పోయిందనుకుంటూ ఆమె వెనకే పరుగెత్తాను. ఆమె స్కూటీ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, మాస్కు గడ్డం కిందికి లాగింది. సాంచాల మధ్య మా ఆడవాళ్ళు మాట్లాడుకునే తీరులో, చప్పుడు లేకుండా, పెదాలను సాగదీసి ఒక్కో మాటా చెప్పింది: "సరే అన్న గద, చెవిటి బావా!"

ఆ మాట మాత్రం స్పష్టంగా వినబడింది.

ఇప్పుడు నేను సాంచాలు వదిలి చీరల దుకాణంలో పనిచేస్తున్నాను. బూరుగు పూసినప్పుడు ఇద్దరం ఆ చెరువుకే పోతాం. ఆమె నన్ను దూరంగా ఒక రాయి మీద కూర్చోబెట్టి, అక్కడినుంచి పెదాలతోనే మాట్లాడుతుంది. నేనూ పెదాలతోనే జవాబిస్తాను. పోయినసారి "చూసినవా, ఒక్కటి గూడ లేవలే" అని మెచ్చుకుంది కూడా. నాకూ గర్వంగానే అనిపించింది. అయినా గోరింకలను చూస్తుంటే, అన్నిటినీ ఒక్క గుసగుసతో లేపేసిన ఆ పిచ్చి పిల్లగాడే గుర్తొస్తాడు. వాడికున్నంత ధైర్యం ఇప్పుడు నాకెక్కడిది! పక్కింటాయన టీవీ తగ్గించమని అడగాలన్నా, మా ఆవిడనే పంపిస్తున్నాను.