దుప్పటి వెనక ‘ఊ’

కొత్త దూది వాసన ఎక్కడ తగిలినా, ఈ వయసులోనూ నాకు ముక్కు దురదపెట్టి, వెంటనే ఇందుకూరుపేట దగ్గరి మా ఊరు గుర్తొస్తుంది. మేం దూదేకులవాళ్లం. అరవైల మొదట్లో, వానలు వెనకబట్టి మైపాడు సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి చల్లగా వీచే రోజుల్లో, నాయన దూదేకే వింటినారి మోగిస్తుంటే ఇల్లంతా దూది లేచేది. నేనూ మా పెదనాయన కూతురు మస్తానక్కా ఆ గుట్టల్లోకి దూకి, తల నెరిసిన ముసలమ్మలమై బయటికొచ్చి తన్నులు తినేవాళ్లం. పద్దెనిమిదేళ్లొచ్చినా అక్కకి దూకడం మానబుద్ధి కాలేదు.

అలాంటి అక్కకి, నాయుడుపేటలో పరుపుల అంగడి ఉండి భార్య పోయిన ఒక పెద్దాయనతో పెదనాయన నిఖా ఖాయం చేశాడు. “నాకొద్దమ్మా” అని అక్క వాళ్లమ్మ దగ్గర ఏడ్చింది. “మీ నాయన మాటిచ్చినాడు, గమ్మునుండు” అంది పెద్దమ్మ. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నిఖా నాడు పొద్దుట్నుంచే పందిట్లో పలావు, దాల్చా ఉడికే వాసనలు, నేతిలో వేగే జీడిపప్పు, సాంబ్రాణి పొగ. ఇంట్లో అడ్డంగా కట్టిన దుప్పటి వెనక ఆడవాళ్లం. ముఖం మీదికి వేలాడే పూల సెహరా కింద అక్క, ఆమె చెయ్యి పట్టుకుని ఎనిమిదేళ్ల నేను. మధ్యాహ్నం నమాజు అయ్యాక, పెళ్లికూతురి మాట అడిగి తెలుసుకునే పెద్దమనిషి, వకీలు అంటారు మావాళ్లు, ఇద్దరు సాక్షులతో దుప్పటి అవతల నిలబడి “ఈ నిఖా నీకు సమ్మతమేనా అమ్మా?” అన్నాడు. గట్టిగా పలికిన పెళ్లికూతుర్ని సిగ్గులేనిదనేవాళ్లు. అందుకని పక్కనున్న పెద్దావిడ ఎవరో ఒకరు ‘ఊ’ అనేయడం మా ఊళ్లో అలవాటైపోయింది. ఆ రోజూ మా మేనత్త ఆకువక్క నములుతూనే ‘ఊ’ అంది.

నాకు పెద్దవాళ్ల మర్యాదలు తెలియవు. ఆటలో ఎవరో తొండి చేశారనిపించింది, అంతే. “అక్క అనలా! అత్త అనింది!” అని అరిచాను. అత్త నా వీపు మోగించింది.

ఆ అరుపు పందిట్లో ఉన్న, నిఖా చదివే ఖాజీ సాబుకి వినపడింది. ముసలాయన కర్ర పట్టుకుని దుప్పటి దాకా వచ్చాడు. “సిగ్గుతో పలక్కపోతే ఒప్పుకున్నట్టే గదా సాబూ” అన్నాడు వకీలు. “సిగ్గో ఏడుపో మనకేం తెలుసు? పిల్ల ఒప్పుకోకుండా నేను చదివినా అది నిఖా గాదు. అమ్మా, నువ్వే చెప్పు” అన్నాడాయన. అక్క నా చెయ్యి వదిలి సెహరా పక్కకి తోసింది. “నాకొద్దు సాబూ” అంది.

నాయుడుపేట వాళ్లు తిట్టుకుంటూ బండ్లు కట్టారు. పలావు ఊరంతా తింది గానీ పెదనాయన ముట్టలేదు. సాయంత్రం కూతురి పక్కన కూలబడి, “నాతో ఒక్క మాట చెప్పుంటే పొయ్యేది గదమ్మా” అన్నాడు. “నువ్వు అడగలా నాయనా” అంది అక్క. ఆయన తల వంచుకుని, ఆమె జడలో చిక్కుకున్న పూలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాడు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

రెండేళ్లకు, తను చూసి సరేనన్న కుర్రాడితో నిఖా జరిగినప్పుడు అక్క ‘ఊ’ పందిటి దాకా వినపడింది. ఊళ్లో ఆడవాళ్లు నెలరోజులు చెప్పుకుని నవ్వుకున్నారు.

మొన్న నా మనవరాలి నిఖా ఫంక్షన్ హాల్లో జరిగింది. అడ్డం దుప్పటి లేదు. ఆ ఖాజీ సాబు లేడు, అత్త లేదు, మస్తానక్క పోయినేడు కన్నుమూసింది. పిల్ల మైకులో “కబూల్”, ఒప్పుకున్నానని, తానే అంది, హాలంతా చప్పట్లు కొట్టింది. నా కళ్లు కారుతుంటే, మనవరాలు అత్తారింటికి పోతోందని బెంగనుకుని అందరూ ఓదార్చారు. బెంగ అది కాదు. ‘పిల్ల తానే అనింది అక్కా, నేను విన్నా’ అని ఆ సంతోషం పరిగెత్తుకెళ్లి చెబుదామంటే, వినడానికి అక్క లేదు.