ఏడు విజిల్స్ శనగలు

షోళింగనల్లూరులో మా పాప బడికి ఎదురుగా అద్దెకు ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. కింది వాటాలో ఉండే ఇంటావిడ అడ్వాన్సు మాట ఎత్తకముందే మాంసం తింటారా అని అడిగింది. తినం అన్నాను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. గుడ్డు వాసన తగిలినా మా ఆవిడకు కడుపులో తిప్పుతుందని కూడా చెప్పాను. మా ఆవిడది పల్నాడు. పక్కనే నిలబడి నేల చూపులు చూసింది.

ఇక వీధి చివరి మాంసం కొట్లో కొనే యోగం పోయింది. నల్ల కవరుతో వస్తే అందులో ఏముందో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని నెలకోసారి తిరుత్తణి అవతల ఒక రైతు దగ్గరికి వెళ్లి, ఏకంగా మేకపోతునే కోయించి, అరకిలో పొట్లాలు కట్టించి, ఐసు పెట్టెల్లో తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఆఫీసులో మాత్రం దీన్నొక ఉద్యమంలా చెప్పేవాణ్ణి. దళారులు లేరు, మేక ఏం మేసిందో కూడా మాకు తెలుసు, లాభమంతా రైతుకే. పిరికితనానికి ఇంత మంచి బట్టలు కుట్టించినవాడు ఇంకొకడు ఉండడు.

ఆ రైతు తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగాయన. ఒకేసారి ఇంత మాంసమెందుకు, ఇంట్లో పెండ్లా అని అడిగాడు. మొదటి నెల పుట్టినరోజన్నాను, రెండో నెల సీమంతమన్నాను. మూడో నెల ఆయనే అడగడం మానేశాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ పొట్లాల మీద కంద, పనస అని రాసి ఫ్రీజర్లో సర్దేది. కిటికీలు మూసి, అగరొత్తులు వెలిగించి వండేవాళ్లం. అంత భక్తి మా పూజగదిలో ఏనాడూ లేదు. ఎవరడిగినా మనం మాంసం తినమనే చెప్పాలని ఆరేళ్ల పాపకు పాఠం చెప్పాం. అంతా చేశాం గానీ కుక్కరు నోరు ఎవరు మూస్తారు? ఒక ఆదివారం ఇంటావిడ, మా పాప పాట్టీ అని పిలిచే ఆ ముసలావిడ, మెట్లెక్కి వచ్చింది. ఏడు విజిల్స్ లెక్కపెట్టిందట. అంతసేపు ఏం వండుతున్నారని, మమ్మల్ని కాదు, గుమ్మంలో ఆడుకుంటున్న పాపను అడిగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు పోయింది, బడి పోయింది అనుకున్నాను.

"కొమ్ముశనగలు పాట్టీ," అంది పాప తమిళంలో, బొమ్మ మీంచి తలెత్తకుండానే. "రాత్రి నానబెట్టడం అమ్మ మర్చిపోయింది."

ఆవిడ నవ్వి, మా ఆవిడకు నాలుగు సలహాలిచ్చి దిగిపోయింది. తలుపేసి పాపను ఎత్తుకుని ముద్దులు పెట్టాం. ఆ మధ్యాహ్నం మూలుగ బొక్క నాకు కాక దాని కంచంలో పడింది. నానబెట్టడం మర్చిపోయిందన్న ముక్క దానికి ఎవరూ నేర్పలేదు. అచ్చం నా పోలికేనని మురిసిపోయాను కూడా.

తర్వాతి నెల పాపను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను ఐసు పెట్టెలు కారు దగ్గరికి మోస్తుంటే, రైతు దాని ముందు గొంతుక్కూర్చుని ముద్దుగా అడిగాడు.

"ఏం పాపా, పోయిన తూరి ఈడ నుంచి తీసకపోయిన మాంసం బాగుండెనా?"

పాప ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"మేం మాంసం తినం తాతా. వాసన పడదు."

ఆయన పాపను చూశాడు, నా చేతుల్లో పెట్టెలను చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దాని తల నిమిరి, లేచి వెళ్లిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కారులో కూర్చున్నాక, బాగా చెప్పానా నాన్నా అని అడిగింది.

బాగా చెప్పావమ్మా అన్నాను.